చేపల దేశం నార్వే

యూరప్ పటంలో బాగా పైన, స్వీడన్ దేశానికి పడమటి పక్కన, సముద్రపు ఒడ్డునే సన్నగా పొడుగ్గా సాగిపోయిన దేశం ఒకటి కనిపిస్తుంది. దాని పేరు నార్వే. ఆ దేశంలో ఉండే జనం సుమారు 55 లక్షలు. అంటే మన హైదరాబాదు జనంలో ఇంచుమించు సగం. ఎటు చూసినా కొండలు, రాళ్ళు, అడవులు. దున్ని పంట పండించడానికి పనికివచ్చే నేల నూటికి మూడు పాళ్ళు మాత్రమే. అందుచేత నార్వేవాళ్ళు అనాదిగా నేలకన్న నీటినే ఎక్కువగా నమ్ముకుని బతికారు.

నీటికి మాత్రం అక్కడ కొదవ లేదు. ఎంతో పూర్వం పెద్ద పెద్ద మంచునదులు కొండలను లోతుగా కోసుకుంటూ సముద్రంలోకి దిగినవి. మంచు కరిగిపోయాక, ఆ లోయల్లోకి సముద్రం చొరబడింది. రెండువైపులా నిట్టనిలువుగా కొండలూ, మధ్య ఉప్పునీరూ ఉండే ఈ సముద్రపు పాయలను ఫియోర్డులంటారు. ఫియోర్డుల మెలికలూ, వేలకొద్దీ దీవుల అంచులూ అన్నీ కలిపి కొలిస్తే నార్వే తీరం సుమారు లక్ష కిలోమీటర్లు అవుతుంది! ఇవిగాక దేశం లోపల ఎన్నో నదులూ, సరస్సులూ ఉన్నవి.

ఈ దేశంతో మనకు కూడా చేపల సంబంధం ఉన్నది. 1952లో నార్వేకూ మన దేశానికీ ఒక ఒప్పందం జరిగింది. దాని ప్రకారం నార్వేవాళ్ళు కేరళలోని నీండకర ప్రాంతానికి వచ్చి, అక్కడి జాలరులకు ఇంజను పడవలు అలవాటు చేశారు. చేపలు పట్టడం ఒకరికి నేర్పగలిగిన ఈ జనం, చేపలు పట్టడం ఎప్పుడు ఆపాలో తాము తెలుసుకోవడానికి మాత్రం చాలా కష్టాలు పడవలసివచ్చింది. ముందు సముద్రానికీ, తరువాత నదులకూ, ఆ పైన సరస్సులకూ వెళ్ళి ఆ సంగతి చూద్దాం.

నార్వే ఉత్తరభాగాన, ధ్రువవృత్తానికి అవతల, లోఫోటెన్ దీవులున్నవి. అక్కడి కొండలు సముద్రంలోనుంచి రంపపు పళ్ళలాగా పైకి లేచి ఉంటవి. డిసెంబరులో కొన్ని వారాలపాటు అక్కడ సూర్యుడు ఉదయించనే ఉదయించడు. అంత ఉత్తరాన సముద్రం గడ్డకట్టిపోయి ఉండాలి. కాని అట్లాంటిక్ మహాసముద్రంలో దక్షిణంనుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఒకటి నార్వే తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. అందువల్ల అక్కడి రేవులు నడి చలికాలంలో కూడా తెరిచే ఉంటవి.

జనవరి వచ్చేసరికి ఈ దీవులకు చుట్టాలు వస్తారు. ఆ చుట్టాలు కాడ్ చేపలు. ఇంకా ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో పెరిగిన ఈ చేపలు, గుడ్లు పెట్టడానికి వందలాది కిలోమీటర్లు ఈదుకుంటూ లోఫోటెన్‌కు వస్తవి. ఇలా వచ్చే కాడ్‌ను నార్వేవాళ్ళు "స్క్రెయ్" అంటారు. సంచారం చేసేది అని దాని అర్థం. ఒక్కొక్క ఆడచేప లక్షలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఈ గుడ్లు సముద్రం అడుగున పడి ఉంటవని పూర్వం అందరూ అనుకునేవారు. 1860 తరువాత గియోర్గ్ ఓసియన్ సార్స్ అనే శాస్త్రజ్ఞుడు లోఫోటెన్‌కు వచ్చి పరిశీలించి, కాడ్ గుడ్లు నీటిలో పైకి తేలుతవని కనుక్కున్నాడు. ఆ గుడ్లలోనుంచి వచ్చిన పిల్లలను ప్రవాహమే ఉత్తరానికి మోసుకుపోతుంది. ఆరేడేళ్ళు గడిచి పెద్దవైనాక అవి మళ్ళీ లోఫోటెన్ దారి పడతవి.

చేపలు వచ్చాయంటే మనుషులు కూడా వస్తారు. సుమారు 900 ఏళ్ళ కిందటే ఐస్టెయిన్ అనే రాజు, దూరప్రాంతాల జాలరులు తలదాచుకోవడానికి అక్కడ గుడిసెలు కట్టించాడు. ఇప్పటికీ నీటి అంచున స్తంభాలమీద ఎర్రరంగు వేసిన కొయ్యయిళ్ళు వరసగా కనిపిస్తవి. ఒకప్పుడు ఇంజను లేదు, పైకప్పు లేదు. ఒక్క చదరపు తెరచాప కట్టిన పడవలో, తెడ్లు వేసుకుంటూ, ఆ చలిలో నడిసముద్రానికి పోయేవారు. గాలివాన వచ్చి ఒక్క పూటలో ఎన్నో పడవలు మునిగిపోయిన సందర్భాలున్నవి. ఇప్పుడు ఇంజను పడవల్లో వెళ్ళి, వందలకొద్దీ గాలాలు కట్టిన పొడుగాటి తాళ్ళతోనూ, నీటిలో గోడలా నిలబడే వలలతోనూ చేపలు పడుతున్నారు.

ఈ రోజుల్లో లోఫోటెన్ పిల్లలకు కూడా చేతినిండా పని ఉంటుంది. కాడ్ చేప నాలుక అక్కడివారికి చాలా ఇష్టం. దానికి పిండి అద్ది, వెన్నలో వేయించుకు తింటారు. ఈ నాలుకలు కోయడం పాతకాలంనుంచీ పిల్లల హక్కు. బడి వదలగానే పిల్లలు రేవుకు పరుగెత్తుతారు. మొన తేలిన ఇనుప చువ్వ ఒకటి నిలువుగా బిగించి ఉంటుంది. చేప తలను దానికి గుచ్చి, కత్తితో ఒక్క కోత కోస్తే నాలుక చేతిలోకి వస్తుంది. ఏడెనిమిదేళ్ళవాళ్ళు కూడా ఈ పని చేసి, అమ్మి, సొమ్ము కూడబెట్టుకుంటారు.

మిగిలిన చేపను ఏం చేస్తారు? తల తీసి, పొట్ట శుభ్రం చేసి, రెండేసి చేపలను తోకల దగ్గర ముడివేసి, కొయ్య దండేలమీద వేలాడదీస్తారు. ఉప్పు ఒక్క రవ్వ కూడా వేయరు. ఫిబ్రవరినుంచి మే నెల దాకా గాలే వాటిని ఎండబెడుతుంది. చలి మరీ ఎక్కువైతే చేప గడ్డకట్టి పాడవుతుంది. వేడి ఎక్కువైతే కుళ్ళుతుంది. లోఫోటెన్‌లో ఆ నెలల్లో చలి సరిగా ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ఈగలు పుట్టేసరికి చేప ఎండిపోతుంది. అయిదు కిలోల చేప ఎండి కట్టెలాగా తయారై ఒక్క కిలోకు వస్తుంది. అది ఏళ్ళ తరబడి చెడిపోదు.

ఈ ఎండు చేప ఇటలీకి చేరిన కథ చాలా చిత్రమైనది. 1431లో వెనిస్ నగరపు వర్తకుడు పియెట్రో క్వెరీని ఓడలో సరుకు వేసుకుని బయలుదేరాడు. తుఫానులో ఓడ పాడైపోయింది. ఆయనతోపాటు కొద్దిమంది మాత్రం చిన్న పడవలో కొట్టుకువచ్చి, 1432 జనవరిలో లోఫోటెన్ కొసన ఉన్న రోస్ట్ దీవుల్లో ఒకదానిమీద పడ్డారు. రోస్ట్ జాలరులు వాళ్ళను చూసి, తమ ఇళ్ళకు తీసుకుపోయి, మూడు నెలలకు పైగా తిండి పెట్టి కాపాడారు. క్వెరీని స్వదేశానికి వెళ్ళినాక ఈ సంగతులన్నీ రాశాడు. ఈనాటికీ లోఫోటెన్ ఎండు చేపలు ఎక్కువగా ఇటలీకే పోతవి. ఎండబెట్టిన తలలు ఆఫ్రికాలోని నైజీరియాకు పోతవి. అక్కడ వాటితో పులుసు కాస్తారు.

చేపలు ఎన్ని ఉన్నా మనిషి ఆశకు సరిపోవు. లోఫోటెన్ దగ్గర ట్రోల్ ఫియోర్డు అనే ఇరుకైన పాయ ఉన్నది. 1890లో ఆ పాయ నిండా కాడ్ చేపలు చేరినవి. ధనవంతుల ఆవిరి ఓడలు వచ్చి, పాయ నోటికి అడ్డంగా పెద్ద వలలు వేసి, చేపలన్నీ తమవేనన్నవి. తెడ్ల పడవల జాలరులు ఊరుకోలేదు. వందలకొద్దీ పడవల్లో వచ్చి, పోట్లాడి, దారి చేసుకుని లోపలికి పోయారు. తరువాత కొద్ది ఏళ్ళకే లోఫోటెన్‌లో అలాటి చుట్టు వలలు వేయరాదని చట్టం వచ్చింది. ఉదయం జెండా ఎగరేసేదాకా ఏ పడవా రేవు కదలరాదనే నియమం కూడా ఉండేది. బలవంతుడు ముందుగా పోయి మంచిచోటు కాజేయకుండా అందరూ ఒక్కసారే బయలుదేరాలన్న మాట.

లోఫోటెన్‌నుంచి దక్షిణంగా వస్తే నార్వే పడమటి తీరం తగులుతుంది. ఇక్కడి చేప హెర్రింగ్. ఇది జానెడు పొడుగుండే వెండి చేప. మందలు మందలుగా తిరుగుతుంది. హౌగెసుండ్ వంటి పట్టణాలు హెర్రింగ్ చేపలమీదనే పెరిగినవి. అయితే హెర్రింగ్ కొన్నేళ్ళు విపరీతంగా దొరికేది, కొన్నేళ్ళు ఉన్నట్టుండి మాయమయ్యేది. జాలరులు ఇది దేవుడి లీల అనుకునేవారు. యోహాన్ యోర్ట్ అనే నార్వే శాస్త్రజ్ఞుడు దీని రహస్యం పట్టుకున్నాడు. చెట్టు మానులో ఏడాదికొక వలయం ఏర్పడినట్టే, హెర్రింగ్ పొలుసుమీద కూడా ఏడాదికొక గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. అలా లెక్కపెట్టగా, 1904లో పుట్టిన చేపలే ఏళ్ళ తరబడి వలల నిండా పడుతున్నట్టు తేలింది! అంటే ఎప్పుడో ఒక ఏడు పిల్లలు బాగా బతుకుతవి; ఆ ఒక్క సంవత్సరపు సంతానమే ఎన్నో ఏళ్ళు అందరికీ తిండి పెడుతుంది. 1914లో ఆయన ఈ విషయం ప్రచురించాడు.

కాని తెలిసినంత మాత్రాన మనిషి ఆగడు గదా! రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, నీటి అడుగున చేపల మంద ఎక్కడున్నదీ ధ్వనితో కనిపెట్టే యంత్రాలు వచ్చినవి. బ్రహ్మాండమైన వలలను ఓడమీదికి లాగే యంత్రాలు కూడా వచ్చినవి. చేపకు దాక్కునే చోటు లేకపోయింది. పెద్ద చేపలతోపాటు పిల్లచేపలను కూడా పట్టి, నూనె తీసి, పిండి చేశారు. 1960-70 మధ్య హెర్రింగ్ దాదాపు లేకుండా పోయింది. ఓడలు రేవుల్లో నిలిచిపోయినవి, కర్మాగారాలు మూతపడ్డవి. ఆ తరువాత గాని హెర్రింగ్ వేటను ఆపలేదు. మళ్ళీ ఒక మంచి ఏడు రావడానికి 1983 దాకా కనిపెట్టుకుని ఉండవలసివచ్చింది. ఆ ఏడు పుట్టిన పిల్లలను పెరగనిచ్చారు. 1990 తరువాత హెర్రింగ్ మళ్ళీ సమృద్ధిగా దొరికింది.

ఈ అనుభవం కాడ్ విషయంలో ఉపయోగపడింది. బారెంట్స్ సముద్రంలో నార్వేకూ రష్యాకూ ఉమ్మడిగా హక్కు ఉన్నది కనుక, కాడ్‌ను ఎంత పట్టవచ్చునో రెండు దేశాలూ కలిసి ఏటా నిర్ణయిస్తవి. 2013లో 10 లక్షల టన్నులు పట్టవచ్చునన్నారు. తరువాత చేప తగ్గింది. 2025కు 3 లక్షల 40 వేల టన్నులకు మించరాదన్నారు. జాలరులకు ఇది కష్టమే. కాని హెర్రింగ్ కథ మరిచినవారు అక్కడ లేరు.

ఇక నదులకు వద్దాం. మన గోదావరిలో పులస చేప వరదకాలంలో సముద్రంనుంచి నదిలోకి ఎదురీదుతుంది గదా! నార్వే నదుల్లో సాల్మన్ అలాటిది. అది నదిలో పుట్టి, సముద్రంలోకి పోయి, అక్కడ బలిసి, గుడ్లు పెట్టే వేళకు తాను పుట్టిన నదికే తిరిగివస్తుంది. తన నదిని అది వాసనబట్టి గుర్తుపడుతుంది. జలపాతాలు అడ్డు వస్తే ఎగిరి దాటుతుంది.

నార్వేకు ఈశాన్యంగా, ఫిన్లాండు సరిహద్దున, టానా అనే నది ఉన్నది. దాని ఒడ్డున సామీ జాతివారు నివసిస్తారు. సామీలలో కొందరు ధ్రువపు జింకలను మేపుతారు. టానా ఒడ్డువారికి సాల్మనే సిరి. సన్నని పొడుగాటి పడవల్లో ఒకరు తెడ్లు వేస్తే మరొకరు గాలం వేస్తారు. నదిలో గుంజలు పాతి, కొమ్మలతో దడి కట్టి, చివర వల అమర్చే పద్ధతి కూడా ఉన్నది. ఏ మలుపులో ఎప్పుడు దడి కట్టాలో తాత మనమడికి చూపేవాడు. సుమారు నూరేళ్ళ కింద ఈ నదిలో 36 కిలోల సాల్మన్ ఒకటి గాలానికి దొరికింది!

ఇటీవల నదికి తిరిగివచ్చే సాల్మన్ చాలా తగ్గిపోయింది. 2021లో టానాలో సాల్మన్ పట్టడాన్ని నార్వే, ఫిన్లాండు రెండూ నిషేధించినవి. 2024 జూన్ నెలలో నార్వే ప్రభుత్వం 33 నదుల్లో సాల్మన్ వేటను ఆపేసింది. చేపలు మిగలాలంటే ఆపక తప్పదు. కాని నది ఒడ్డున ఇంకొక భయం ఉన్నది. పడవ వేయకుండా, దడి కట్టకుండా కొన్నేళ్ళు గడిస్తే పిల్లలు ఆ విద్య ఎక్కడ నేర్చుకుంటారు? ఆ పనికి సామీ భాషలో ఉన్న మాటలు ఎవరి నోట నిలుస్తవి? చేప తిరిగివచ్చేనాటికి పట్టడం తెలిసినవాడు లేకపోతే, ఒక జాతి బతుకులో కొంత భాగం పోయినట్టే.

సాల్మన్ ఎందుకు తగ్గింది? సముద్రం వేడెక్కడం ఒక కారణం. మరొక కారణం మనుషులు పెంచే సాల్మన్. 1970లో హిట్రా అనే దీవి దగ్గర వల పంజరాల్లో సాల్మన్‌ను పెంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏటా పది లక్షల టన్నులకు పైగా పెంచి ప్రపంచమంతటికీ అమ్ముతున్నారు. అయితే ఒకేచోట కిక్కిరిసి ఉన్న చేపలకు ఒకరకం పేలు పడతవి. నదిలోనుంచి సముద్రానికి పోయే చిన్నారి సాల్మన్‌లకు ఆ పేలు అంటుకుని చంపుతవి. అంగడి నిండా సాల్మన్, నదిలో సాల్మన్ లేదు – ఇదీ ఇప్పటి చిత్రం.

దేశం లోపలికి వస్తే మ్యోసా అనే సరస్సు ఉన్నది. నార్వేలో ఇదే పెద్దది. నూరు కిలోమీటర్లకు పైగా పొడుగు, సుమారు 450 మీటర్ల లోతు. ఇందులో పెద్ద పెద్ద ట్రౌట్ చేపలున్నవి. చలికాలంలో అక్కడి సరస్సులు గడ్డకడతవి. అయినా వేట ఆగదు. బర్మాతో మంచుగడ్డకు గుండ్రని కన్నం వేసి, జింకతోలు పరుచుకు కూచుని, చిన్న గాలాన్ని కన్నంలోకి వదిలి పైకీ కిందికీ ఆడిస్తారు. మంచుగడ్డ పది సెంటీమీటర్ల మందం ఉంటేగాని దానిమీద అడుగు పెట్టరాదని పిల్లలకు ముందే నేర్పుతారు. మెడలో రెండు ఇనుప మేకులు వేలాడదీసుకుంటారు. పొరపాటున మంచు విరిగి నీటిలో పడితే, ఆ మేకులను గడ్డకు గుచ్చి పైకి పాకవచ్చు. ఈ సరస్సుకు పడమరగా ఉన్న వాల్డ్రెస్ ప్రాంతంలో ట్రౌట్‌ను ఉప్పువేసి, పీపాల్లో నెలల తరబడి మాగబెట్టి, వండకుండానే తింటారు. దాని వాసన భరించడం కొత్తవారి తరం కాదు!

కొండలమీది సరస్సుల్లోకి ట్రౌట్ ఎలా వచ్చింది? మధ్యలో జలపాతాలున్నవి, చేప ఎక్కలేదు. మనుషులే మోసుకుపోయి వదిలారు. ఇందుకు సాక్ష్యం మ్యోసాకు దగ్గరలో గౌస్‌డాల్ అనే చోట ఉన్నది. దాదాపు వెయ్యేళ్ళనాటి రాయిమీద, ఐలివ్ ఎల్గ్ అనే మనిషి రౌద్ సరస్సుకు చేపలు మోసినట్టు చెక్కి ఉన్నది. మన రాజులు చెరువు తవ్వించి శాసనం వేయించినట్టే, ఆయన చెరువులో చేపలు వేసినందుకు శాసనం మిగిలింది.

అలా వెయ్యేళ్ళుగా పెంచుకున్న చేపలు దక్షిణ నార్వేలో ఇరవయ్యో శతాబ్దంలో చావసాగినవి. సరస్సులు అద్దంలా తేటగా ఉండేవి. కాని లోపల ప్రాణి లేదు. కారణం వెతికితే అది ఆకాశంలో దొరికింది. బ్రిటన్, జర్మనీ వంటి దేశాల్లో బొగ్గు కాల్చిన పొగలోని గంధకం, గాలిలో వందల కిలోమీటర్లు కొట్టుకువచ్చి, వానతో కలిసి ఆమ్లమై కురుస్తున్నది. ఆ వాన నీటిని పాడుచేసి వేలాది సరస్సుల్లో చేపలకు హాని చేసింది. నార్వే ఒక్కటే దీన్ని ఆపలేదు. 1979లో జెనీవాలో అనేక దేశాలు కూడి, ఈ పొగలు తగ్గించడానికి ఒప్పందం చేసుకున్నవి. క్రమంగా గంధకం తగ్గింది. నార్వేవాళ్ళు నదుల్లో సున్నపురాయి పొడి కలిపి పులుపు విరిచారు. మాండాల్ నదిలో 1997నుంచి ఇలా చేయగా, అంతకుముందు మాయమైన సాల్మన్ తిరిగివచ్చింది.

నార్వేలో 16 ఏళ్ళలోపు పిల్లలు, సాల్మన్ తిరగని నదుల్లోనూ సరస్సుల్లోనూ, జనవరి 1నుంచి ఆగస్టు 20 దాకా డబ్బు కట్టకుండా గాలం వేసుకోవచ్చునని చట్టమే చెబుతున్నది. ఆ పిల్లలు గాలం వేయడంతోపాటు ఒక పద్ధతి కూడా నేర్చుకుంటారు. పట్టిన చేపను కొలబద్దమీద పెట్టి చూస్తారు. అక్కడ పెట్టిన కొలతకు తక్కువైతే, తడి చేతులతో మెల్లగా తీసి, మళ్ళీ నీటిలో వదిలేస్తారు.